స్ఫటికం కోసం వెతికితే జిగురు దొరికింది

వాష్‌బేసిన్ అంచు వెంట నీళ్లు కారకుండా పూసిన తెల్లటి పట్టీ ఉంటుంది కదా, దాన్ని ఒకసారి వేలితో నొక్కి చూడండి. మెత్తగా లోపలికి వెళ్లి మళ్లీ పైకొస్తుంది. పసిపిల్లల పాలసీసా పీక, ఓవెన్‌లో పెట్టినా కరగని కేక్ మౌల్డ్, డెస్క్‌టాప్ ప్రాసెసర్ మీద రాసే థర్మల్ పేస్ట్‌లోని జిడ్డు, అక్వేరియం అద్దాలను పట్టి ఉంచే అతుకు... చాలావరకు ఇవన్నీ ఒకే ఇంటి పిల్లలు. ఇంటిపేరు సిలికోన్.

నా మొదటి కోర్ ఇంటర్వ్యూలో సిలికాన్‌కీ సిలికోన్‌కీ తేడా చెప్పమన్నారు. రెండూ ఒకటేననీ, అమెరికావాళ్లు ఒకలా, బ్రిటన్‌వాళ్లు ఒకలా రాస్తారనీ మహా ధీమాగా చెప్పేశాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన నవ్వలేదు, కోప్పడలేదు. ఫైల్ మూసేశారు, అంతే. బస్సులో తిరిగొస్తూ ఫోన్‌లో వెతికితే అప్పుడు తెలిసింది నేనెంత తప్పు చెప్పానో.

తెలుగులో చూస్తే తేడా ఒక్క గుణింతమే: ‘కా’కి బదులు ‘కో’. కానీ వస్తువులు వేరు. సిలికాన్ మూలకం. ఇసుకలో ఉంటుంది, శుద్ధి చేస్తే చిప్ అవుతుంది. సిలికోన్ పాలిమర్. సిలికాన్, ఆక్సిజన్, మళ్లీ సిలికాన్, మళ్లీ ఆక్సిజన్... ఇలా ఒకటి విడిచి ఒకటి గొలుసుగా అల్లుకుని ఉంటాయి. ప్రతి సిలికాన్‌కీ అటూ ఇటూ రెండేసి కార్బన్ గుంపులు వేలాడుతుంటాయి. ఆ గుణింతం మార్చిన మనిషి పేరు ఫ్రెడరిక్ స్టాన్లీ కిపింగ్. ఆయన నలభై ఏళ్లకు పైగా సిలికాన్‌తోనే కుస్తీ పట్టారు. ఆయనకు కావాల్సింది స్ఫటికాలు. ఫ్లాస్క్ అడుగున మిగిలింది మాత్రం ఎప్పుడూ జిగురే. ఇవాళ ప్రపంచం వాడుకుంటున్నది ఆ జిగురునే!

గ్యాస్ కంపెనీ నుంచి మ్యూనిక్‌కు

కిపింగ్ 1863 ఆగస్టు 16న ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ దగ్గర పుట్టారు. తండ్రి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో ఉద్యోగి. ఏడుగురు పిల్లల్లో ఈయనే పెద్ద. యాదృచ్ఛికమే కానీ చెప్పుకోవాలి: సరిగ్గా అదే ఏడాది ఫ్రీడెల్, క్రాఫ్ట్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సిలికాన్‌కు నేరుగా కార్బన్ గుంపులు అతికిన మొదటి పదార్థాన్ని తయారుచేశారు. అంటే కిపింగ్, ఆయన సబ్జెక్టు ఒకే ఏడాది పుట్టారన్నమాట.

మాంచెస్టర్ గ్రామర్ స్కూల్, తర్వాత ఓవెన్స్ కాలేజీ. చదువు అయ్యాక ఊళ్లోనే గ్యాస్ కంపెనీలో కెమిస్ట్ ఉద్యోగం. ఆ రోజుల్లో వీధి దీపాలకూ ఇళ్లకూ బొగ్గు నుంచి తీసిన గ్యాసే వాడేవారు కాబట్టి, అది ఢోకా లేని ఉద్యోగం. పెద్ద కొడుకు, స్థిరమైన జీతం, సొంత ఊరు. మీ ఇంట్లో అయితే ఇక సంబంధాలు చూడటం మొదలుపెట్టేవాళ్లు. కిపింగ్ మాత్రం 1886లో ఆ ఉద్యోగం వదిలి జర్మనీ బండెక్కారు. అప్పుడు కెమిస్ట్రీ అంటే జర్మనీయే. మ్యూనిక్‌లో అడాల్ఫ్ ఫన్ బేయర్ ప్రయోగశాలలో విలియం హెన్రీ పెర్కిన్ జూనియర్ అనే కుర్ర శాస్త్రవేత్త ఉండేవారు. కృత్రిమ రంగుల పరిశ్రమకు పునాది వేసిన పెర్కిన్ కొడుకే ఈయన. కిపింగ్ ఆయన దగ్గర చేరారు. ఇద్దరి మధ్య వయసు తేడా మూడేళ్లే. గురుశిష్యులు కాస్తా స్నేహితులయ్యారు.

తర్వాత బంధువులు కూడా అయ్యారు. ఇంగ్లండ్‌లో హాలండ్ అనే ఇంటిపేరున్న కుటుంబంలో ముగ్గురు అక్కచెల్లెళ్లు. ఒకరిని పెర్కిన్, లిలీ అనే అమ్మాయిని 1888లో కిపింగ్, మరొకరిని ఆర్థర్ లాప్‌వర్త్ పెళ్లి చేసుకున్నారు. ముగ్గురు తోడల్లుళ్లూ కెమిస్టులే, ముగ్గురూ రాయల్ సొసైటీ ఫెలోలే. పండక్కి అత్తారింట్లో కలిస్తే ఏం మాట్లాడుకునేవాళ్లో మీరే ఊహించుకోండి.

ఎడిన్‌బరోలో పెర్కిన్ దగ్గర కొన్నాళ్లు డెమాన్‌స్ట్రేటర్‌గా చేశాక, 1890లో కిపింగ్ లండన్ చేరారు. తోడల్లుళ్లిద్దరూ కలిసి రాసిన ఆర్గానిక్ కెమిస్ట్రీ పాఠ్యపుస్తకం 1894లో వచ్చింది. దశాబ్దాల తరబడి విద్యార్థులు దాన్నే చదివారు. తర్వాతి కాలంలో ఆ పుస్తకాన్ని కిపింగ్ కొడుకు బ్యారీ తండ్రితో కలిసి సవరించారు. సిలికోన్ సంగతి తెలియని వాళ్లకు కూడా కిపింగ్ పేరు తెలియడానికి కారణం ఆ పుస్తకమే.

ఎడమ చెయ్యి, కుడి చెయ్యి

లండన్‌లో ఆయనకు విలియం జాక్సన్ పోప్ అనే జోడీ దొరికారు. ఇద్దరికీ స్ఫటికాల పిచ్చి. వాళ్లు చేసిన ఒక పని చెబితే కిపింగ్ ఎలాంటి మనిషో మీకు అర్థమవుతుంది. సోడియం క్లోరేట్ అనే ఉప్పును నీళ్లలో కరిగించి వదిలేస్తే స్ఫటికాలు కడుతుంది. ఆ స్ఫటికాల్లో రెండు రకాలుంటాయి. మన ఎడమ చెయ్యీ కుడి చెయ్యీ లాగా ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు. ఏ రకం ఎన్ని వస్తాయి? కిపింగ్, పోప్ పదే పదే ద్రావణం పెట్టి, వచ్చిన స్ఫటికాలను ఒక్కొక్కటీ పరీక్షించి, వేల సంఖ్యలో లెక్కపెట్టారు. సగటున దాదాపు సరిగ్గా సగం సగం వచ్చాయి. 1898లో ఆ ఫలితం అచ్చయింది. డేటా ఎంట్రీ ఉద్యోగం బోరని విసుక్కునే మనం ఆ ఓపికను ఒకసారి ఊహించుకోవాలి.

ఈ ఎడమ, కుడి గొడవే ఆయన్ను సిలికాన్ దగ్గరికి తెచ్చింది. కార్బన్ పరమాణువుకు నాలుగు చేతులు. ఆ నాలుగింటికీ నాలుగు వేర్వేరు గుంపులు తగిలిస్తే అణువుకు ఎడమ, కుడి రూపాలు వస్తాయి. పీరియాడిక్ టేబుల్‌లో కార్బన్‌కు సరిగ్గా కింద గదిలో సిలికాన్ ఉంది. దానికీ నాలుగు చేతులే. మరి దానికీ ఎడమ, కుడి ఉంటాయా? ప్రశ్న చిన్నదే. జవాబుకు ఏళ్లు పట్టింది.

1897లో ఆయన రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. అదే ఏడాది నాటింగ్‌హామ్ యూనివర్సిటీ కాలేజీకి కెమిస్ట్రీ ప్రొఫెసర్‌గా వెళ్లారు. 1936లో రిటైరయ్యే దాకా అక్కడే ఉన్నారు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ లాంటి పేరున్న చోటు కాదు. సొంతంగా డిగ్రీ ఇచ్చే అధికారం కూడా లేని కాలేజీ అది. అక్కడి విద్యార్థులు లండన్ యూనివర్సిటీ పరీక్షలు రాసి డిగ్రీ తెచ్చుకునేవారు. మందుల వ్యాపారి జెస్సీ బూట్ ఇచ్చిన స్థలంలో, ఆయన విరాళంతో 1928లో కొత్త క్యాంపస్ వచ్చేదాకా ఊరి మధ్య పాత భవనంలోనే నడిచింది. టైర్-టూ, టైర్-త్రీ అని కాలేజీలకు లేబుళ్లు వేసి కుమిలిపోయే వాళ్లకు ఈ సంగతి చెప్పాలనిపించింది. సిలికోన్ పుట్టింది అలాంటి చోటనే.

1904 నుంచి ఆయన చేతికి కొత్త ఆయుధం వచ్చింది, గ్రిన్యార్ రియేజెంట్. ఇంటర్‌లో మనం బట్టీ పట్టిన గ్రిన్యారే. దాంతో సిలికాన్ టెట్రాక్లోరైడ్ మీద ఒక్కో క్లోరిన్‌ను తీసేసి ఒక్కో కార్బన్ గుంపును తగిలించవచ్చు. చెప్పినంత తేలిక కాదు. రెండు పదార్థాలకూ తేమ అంటే పడదు. గాలిలో చెమ్మ తగిలితే చాలు, టెట్రాక్లోరైడ్ ఘాటైన యాసిడ్ పొగలు కక్కుతుంది. ప్రతి మెట్టు దగ్గరా మనకు కావాల్సింది కొంత, అక్కర్లేనిది చాలా వస్తుంది. వేరు చేయాలి, శుద్ధి చేయాలి, మళ్లీ మొదలుపెట్టాలి. 1907లో ఆయన అనుకున్నది సాధించారు. సిలికాన్‌కూ ఎడమ, కుడి ఉంటాయని తేలింది. 1918లో రాయల్ సొసైటీ డేవీ మెడల్ ఇచ్చింది.

ఇక్కడితో ఆగి ఉంటే ఆయన స్టీరియోకెమిస్ట్రీ చరిత్రలో ఒక మంచి పేరుగా మిగిలేవారు. కానీ ఆయన ఫ్లాస్కుల అడుగున ఇంకో కథ పేరుకుంటోంది.

పేరు పెట్టారు, ఆ అణువు మాత్రం రాలేదు

కార్బన్ కెమిస్ట్రీలో బెంజోఫినోన్ అని ఒక కీటోన్ ఉంది. ఒక కార్బన్, దానికి ఆక్సిజన్‌తో డబుల్ బాండ్, అటూ ఇటూ రెండు ఫినైల్ గుంపులు. 48 డిగ్రీల దగ్గర కరిగే చక్కటి స్ఫటికాలు కడుతుంది. ఇందులో కార్బన్ తీసి సిలికాన్ పెడితే? రెండు ఫినైల్‌లు, రెండు హైడ్రాక్సిల్‌లు ఉన్న సిలికాన్ పదార్థం నుంచి ఒక నీటి అణువును లాగేస్తే కాగితం మీద సరిగ్గా అదే వస్తుంది. దానికి ఆయన సిలికో-కీటోన్ అన్న అర్థంలో సిలికోన్ అని పేరు పెట్టారు. 1901 నాటి ముచ్చట ఇది.

కాగితం మీద వచ్చింది ఫ్లాస్క్‌లో రాలేదు. సిలికాన్‌కు ఆక్సిజన్‌తో డబుల్ బాండ్ పెట్టుకోవడం ఇష్టం ఉండదు. దానికి బదులు పక్కనున్న ఇంకో సిలికాన్‌ను చెయ్యి పట్టుకుంటుంది. అలా ఒకదాని వెనుక ఒకటి చేరిపోతాయి. మూడు చేరి వలయం కట్టవచ్చు, నాలుగు చేరి కట్టవచ్చు. వలయం కట్టకుండా గొలుసుగా సాగిపోనూవచ్చు. 1914లో రాబర్ట్ రాబిసన్‌తో కలిసి కిపింగ్ ఆ మూడింటి వలయాన్నీ నాలుగింటి వలయాన్నీ విడదీసి, స్ఫటికాలుగా రాబట్టారు. ఒకటి 190 డిగ్రీల దరిదాపుల్లో, రెండోది 200 దరిదాపుల్లో కరుగుతుంది. అక్కడిదాకా ఆయన రాజ్యమే. గొలుసుల దగ్గరే చిక్కొచ్చి పడింది. ఎంత చల్లార్చినా, ఏ ద్రావకంలో కరిగించి ఆరబెట్టినా స్ఫటికం కట్టవు. తుమ్మబంకలా సాగుతాయి, గాజుకు అంటుకుంటాయి.

ఆయన విసుగును అర్థం చేసుకోవాలంటే అప్పటి ల్యాబ్ పద్ధతి తెలియాలి. ఇవాళ్టి ఎన్‌ఎంఆర్, మాస్ స్పెక్ట్రోమీటర్ లాంటివేవీ లేవు. ఒక పదార్థం ఏమిటో రుజువు చేయాలంటే స్ఫటికం చేసి, అది సరిగ్గా ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుందో చూపించాలి. ద్రవీభవన స్థానమే దాని ఆధార్ కార్డు. జిగురుకు ఆ కార్డు లేదు. ఒక డిగ్రీ దగ్గర టక్కున కరగదు, మెల్లగా మెత్తబడుతుందంతే. గుర్తింపు లేనిదాన్ని పేపర్‌లో ఎలా రాస్తారు? ఆయన రాశారు కూడా, కానీ జిగురు అనే రాశారు. జర్మనీలో లాడెన్‌బర్గ్‌కు 1872లోనే ఇలాంటి చిక్కటి నూనె ఒకటి దొరికింది. ఆయనా అంతకు మించి ముందుకు పోలేదు.

1899 నుంచి 1944 దాకా ఈ విషయం మీద కిపింగ్ వరుసగా యాభైకి పైగా పరిశోధన పత్రాలు రాశారు. ఒకే శీర్షిక కింద, సీరియల్ లాగా. పెద్ద బృందం లేదు, పరిశ్రమ డబ్బు లేదు. 1936లో రాయల్ సొసైటీ బేకరియన్ ఉపన్యాసానికి పిలిచింది. డెబ్భై దాటిన వయసు, రిటైరైన ఏడాది. నలభై ఏళ్ల పనిని తూకం వేసే సందర్భం. ఆయన తేల్చిన లెక్క ఇదీ: సిలికాన్‌తో తయారయ్యే రకాలే తక్కువ, ఉన్నవాటికి కూడా వేరే రసాయనాలతో కలిసి చర్య జరిపే గుణం చాలా తక్కువ. కాబట్టి ఈ శాఖలో దగ్గర్లో గొప్ప పురోగతి వస్తుందన్న ఆశ పెద్దగా లేదు.

ఈ మాట పట్టుకుని చాలామంది ఆయన్ను ఎగతాళి చేస్తారు. భవిష్యత్తును ఊహించలేని శాస్త్రవేత్తల జాబితాల్లో ఈ పేరు కనిపిస్తుంది. నేను ఒప్పుకోను. ఆయన చూసింది తప్పు కాదు. ఈ పదార్థాలు దేనితోనూ చర్య జరపవన్నది నిజం. స్ఫటికం కట్టవన్నదీ నిజం. కెమిస్టుకు ఇవి రెండు ఫిర్యాదులు. వేడికి, నీటికి, ఎండకు తట్టుకునే సామాను కావాల్సిన ఇంజినీర్‌కు ఇవే రెండు సుగుణాలు. ఆ రోజు ఆ హాల్లో ఒక ఇంజినీర్ లేకపోవడమే లోటు.

ఆ ఇంజినీర్లు అట్లాంటిక్ అవతల ఉన్నారు. అమెరికాలో కార్నింగ్ గాజు కంపెనీ ఫ్రాంక్లిన్ హైడ్ అనే ఆర్గానిక్ కెమిస్టును ఉద్యోగంలోకి తీసుకుంది. గాజుకీ ప్లాస్టిక్‌కీ మధ్య రకం ఏదైనా చేయడం ఆయన పని. హైడ్ కిపింగ్ పత్రాలు తిరగేశారు. జనరల్ ఎలక్ట్రిక్‌లో యూజిన్ రోకో కూడా అవే పత్రాలు చదివారు. మోటార్ల వైరింగ్‌కు వేడికి మాడని పూత కావాలి. రోకో ఆలోచన సూటిగా ఉంది. కార్బన్–కార్బన్ బంధం ఉన్నచోటే వేడికి తెగుతుంది, కాబట్టి ఆ బంధం అసలే లేని మిథైల్ గుంపు వాడదాం. 1940 మే 10న ఆయన సిలికాన్ పొడిని రాగితో కలిపి, సుమారు 300 డిగ్రీల వేడి మీద మిథైల్ క్లోరైడ్ వాయువు పంపి చూశారు. గ్రిన్యార్ తిప్పలేమీ లేకుండా కావాల్సిన ముడిసరుకు వచ్చేసింది. సిలికోన్ పరిశ్రమ ఇప్పటికీ ఆ పద్ధతి మీదే నడుస్తోంది. 1943లో డౌ, కార్నింగ్ కలిసి పెట్టిన కంపెనీ మొదటి సరుకు ఒక గ్రీజు. యుద్ధ విమానాలు చాలా ఎత్తుకు వెళ్లినప్పుడు ఇగ్నిషన్ దగ్గర కరెంటు లీకవకుండా దాన్ని పూసేవారు. నాటింగ్‌హామ్ జిగురు చుట్టమే అది.

ఆ జిగురు ఎందుకు గడ్డకట్టదు?

ఇప్పుడు అసలు సబ్జెక్టు. గేట్‌లో పాలిమర్ సైన్స్ సెక్షన్ ఎంచుకునేవాళ్లు, మెటీరియల్స్ వైపు ఉద్యోగం చూసుకునేవాళ్లు ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి.

పాలిమర్ స్ఫటికం కట్టాలంటే గొలుసులు పక్కపక్కన వరుసగా సర్దుకోవాలి. పాలిథిన్ గొలుసులు అగరొత్తుల కట్టలా నీటుగా సర్దుకుంటాయి. అందుకే అది గది ఉష్ణోగ్రత దగ్గర గట్టిగా ఉండి, గట్టి రకమైతే 130 డిగ్రీల దరిదాపుల్లో కరుగుతుంది. సిలికోన్ గొలుసు ఉడికిన సేమియా లాంటిది. సిలికాన్–ఆక్సిజన్ బంధం పొడవు 1.64 ఆంగ్‌స్ట్రామ్‌లు, కార్బన్–కార్బన్ కంటే (1.54) ఎక్కువ. ఆక్సిజన్ దగ్గర గొలుసు వంగే కోణం 140 నుంచి 150 డిగ్రీల మధ్య ఉంటుంది, పైగా ఆ కోణం బిగుసుకుని ఉండదు, తేలిగ్గా తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. ఆక్సిజన్‌కు పక్క గుంపులేవీ ఉండవు కాబట్టి మెలి తిరగడానికి అడ్డే లేదు. వేలాడే మిథైల్ గుంపులు గొడుగులా చుట్టూ తిరుగుతూ పక్క గొలుసును దగ్గరికి రానివ్వవు. గొలుసుల మధ్య ఆకర్షణ బలహీనం. బంధం మాత్రం గట్టిది, మోల్‌కు సుమారు 450 కిలోజౌళ్లు. కార్బన్–కార్బన్‌కు 350 దాకానే. లోపల ఉక్కు, నడకలో నీళ్లు!

అలాగని ఎప్పటికీ స్ఫటికం కట్టదా? కడుతుంది. చలికాలంలో కొబ్బరినూనె పేరుకున్నట్టే ఇదీ పేరుకుంటుంది, కాకపోతే దీనికి కావాల్సిన చలి నాటింగ్‌హామ్‌లో కూడా ఉండదు. ఈ చరిత్రంతా చూపించే పరీక్ష పేరు డీఎస్‌సీ. టీచర్ పోస్టుల నోటిఫికేషన్ అనుకునేరు, ఇది డిఫరెన్షియల్ స్కానింగ్ క్యాలరీమెట్రీ. శాంపిల్‌ను ఒకే వేగంతో చల్లబరుస్తూ, వేడిచేస్తూ ఎప్పుడు వేడి పీల్చుకుంది, ఎప్పుడు వదిలింది అని గ్రాఫ్ గీస్తుంది. మిథైల్ సిలికోన్‌ను, అంటే పీడీఎంఎస్‌ను, చటుక్కున గడ్డకట్టించి మెల్లగా వేడిచేయండి. మైనస్ 125 డిగ్రీల దగ్గర గ్రాఫ్‌లో చిన్న మెట్టు. అప్పటిదాకా గాజులా బిగుసుకున్న గొలుసులకు అక్కడ కదలిక వస్తుంది. దాన్నే గ్లాస్ ట్రాన్సిషన్ అంటారు. తెలిసిన పాలిమర్లలో ఇంత తక్కువ విలువ ఉన్నవి అరుదు. మైనస్ 90 దరిదాపుల్లో వేడిని వదులుతూ ఒక శిఖరం. కదలిక దొరికిన గొలుసులు అప్పుడు సర్దుకుని స్ఫటికాలు కడుతున్నాయన్నమాట. వేడి చేస్తుంటే స్ఫటికం కట్టడం వింతగా లేదూ? కోల్డ్ క్రిస్టలైజేషన్ అంటే ఇదే. ఇక మైనస్ 50కీ మైనస్ 40కీ మధ్య కరుగుతుంది. తరచూ అక్కడ ఒకటి కాదు, రెండు శిఖరాలు కనబడతాయి. రెండు రకాల స్ఫటికాలున్నాయని కంగారుపడి రాసేయకండి. సరిగ్గా కట్టని స్ఫటికాలు ముందు కరిగి, మళ్లీ మెరుగ్గా కట్టి, ఇంకోసారి కరగడం వల్ల అలా వస్తుందన్నదే ఎక్కువమంది చెప్పే కారణం. మెల్లగా చల్లార్చి ఉంటే కథ మారుతుంది. దిగేటప్పుడే స్ఫటికం కట్టేస్తుంది, పైకొచ్చేటప్పుడు మధ్య శిఖరం కనిపించదు. కాబట్టి గ్రాఫ్ చేతిలో పెట్టి ప్రశ్న అడిగితే, శాంపిల్‌ను ఎంత వేగంతో చల్లార్చారో ముందు మీరు అడగండి.

దీని స్ఫటికం లోపలి అమరికను పట్టుకోవడమూ తలనొప్పే. మామూలు ఉష్ణోగ్రత దగ్గర అది ద్రవమో రబ్బరో కదా. అందుకే 1960ల మొదట్లో సిలికోన్ రబ్బరును సాగదీసి, ఆ సాగుడు మీదనే బాగా చల్లార్చి, ఎక్స్‌రే ఫొటోలు తీశారు. సాగదీస్తే గొలుసులు ఒక దిక్కుకు తిరుగుతాయి, అప్పుడు చలికి వరుసలో సర్దుకుంటాయి.

ఉద్యోగంలో ఇది ఎక్కడ పనికొస్తుందంటే: గ్లాస్ ట్రాన్సిషన్ మైనస్ 125 ఉంది కదా, మైనస్ 60 చలిలోనూ ఈ గాస్కెట్ మెత్తగానే ఉంటుందని లెక్కేస్తే దెబ్బతింటారు. కొన్ని గంటలు ఆ చలిలో వదిలేస్తే లోపల మెల్లగా స్ఫటికాలు కట్టి గట్టిపడుతుంది. ముట్టుకుంటే గాజు కాదు, స్ఫటికం. దీనికి మందేమిటో తెలుసా? కొన్ని మిథైల్‌లు తీసి వాటి చోట ఫినైల్ పెట్టడం. నూటికి ఐదు, పది సిలికాన్‌ల దగ్గర పెద్ద ఫినైల్ గుంపు అడ్డంగా ఉంటే చాలు, వరుస చెడిపోతుంది, స్ఫటికం కట్టదు. అలాంటి రబ్బరు మైనస్ 90 దగ్గర కూడా వంగుతుంది. అతి చల్లటి చోట్ల వాడే సిలికోన్ రబ్బరు ఇదే. ఫినైల్ అంటే కిపింగ్ ఇష్టంగా పట్టుకుని కూర్చున్న గుంపు. అన్ని చోట్లా అదే పెడితే స్ఫటికాలు వస్తాయి, అక్కడక్కడా పెడితే స్ఫటికాలు పోతాయి.

ఇంకో చుట్టం గురించి కూడా చెప్పాలి. మిథైల్ బదులు ఇథైల్ పెట్టిన సిలికోన్‌లో, గొలుసులు బాగా పొడవుంటే, గది ఉష్ణోగ్రత దరిదాపుల్లో ఒక మధ్య స్థితి వస్తుంది. గొలుసులు పక్కపక్కన వరుసగానే ఉంటాయి, కానీ లోపల మాత్రం అటూ ఇటూ కదులుతూనే ఉంటాయి. పూర్తి స్ఫటికం కాదు, పూర్తి ద్రవమూ కాదు. మీసోఫేజ్ అంటారు. లాడెన్‌బర్గ్ 1872లో చేసిన నూనె కూడా ఈ ఇథైల్ రకమే.

రిటైరయ్యాక కిపింగ్ కొన్నాళ్లు నాటింగ్‌హామ్‌లోనే ఉండి, యుద్ధకాలంలో వేల్స్ సముద్రతీరంలోని క్రిచ్చిఎత్ అనే చిన్న ఊరికి వెళ్లారు. 1949 వసంతంలో, 85 ఏళ్ల వయసులో అక్కడే కన్నుమూశారు. అప్పటికి అమెరికాలో సిలికోన్ ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద పెట్టిన అడుగు కింద ఉన్నది సిలికోన్ రబ్బరు సోలే. దానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

ఆయన ఏ అణువు కోసం సిలికోన్ అనే పేరు పెట్టారో, ఆ సిలికాన్–ఆక్సిజన్ డబుల్ బాండ్ ఉన్న అసలు సిలికో-కీటోన్ ఆయన బతికుండగా ఎవరి ఫ్లాస్క్‌లోనూ నిలవలేదు. మరో సిలికాన్ దగ్గరికి రాకుండా చుట్టూ పెద్ద పెద్ద గుంపులను కాపలా పెట్టి, గది ఉష్ణోగ్రత దగ్గర దాన్ని నిలబెట్టడం 2010లలోనే కుదిరింది.